సొరుగు ప్రతిష్ఠ

ఉభయ భాషా నిఘంటు సంస్థవారి అర్ధవార్షిక నివేదికలో పద్నాలుగో గడి పేరు "ప్రత్యేక అంశములు". సంస్థ పుట్టిన నాటి నుంచీ ఆ గడిలో ఒకటే మాట పడుతూ వచ్చింది: "లేవు". ఆ మాట రాసిన వాళ్లందరూ సుఖంగా ఉద్యోగం చేసి, వేళకు విరమించి, శాలువా కప్పించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. "పద్నాలుగవ గడియందు 'లేవు' అని వ్రాయుట సదరు ఉద్యోగి యొక్క అన్వేషణా రాహిత్యమునకు నిదర్శనముగా పరిగణింపబడును."

నివేదిక రాయవలసిన సహ సంపాదకురాలు సువర్చలకు అప్పటికి సంస్థలో ముప్పై ఒక్క ఏళ్లు నిండాయి. విరమణకు నాలుగు నెలలు మిగిలాయి. ఆమెకు అబద్ధం రాయడం అలవాటు లేదు; నిఘంటువు పనిలో అది అవసరం పడదు. ఆ రోజు ఆమె బల్ల మీద హెచ్ అక్షరం చీటీలు ఉన్నాయి కనుక, కళ్లెదుట ఉన్న నిజాన్నే గడిలో నింపింది.

"హైరార్కీ అను ఆంగ్ల పదము, పవిత్రము అను అర్థము గల హియెరోస్ అను గ్రీకు మాట నుండి వచ్చినది. తొలుత దేవదూతల వరుసకును, పిదప పూజారుల వరుసకును, తుదకు గుమాస్తాల వరుసకును ఈ పేరు చెల్లినది."

ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పంతా గడిని నింపడంలోనే ఉంది. ఖాళీగడిని ఎవరూ చదవరు. నింపిన గడిని ఎవరో ఒకరు చదవాలి, చదివినవారు చర్య తీసుకోవాలి.

ఆ సంస్థలో పని జరిగే తీరు ఇక్కడ చెప్పుకోవాలి. ప్రతి ఆంగ్ల పదానికీ ఒక అట్ట చీటీ. దాని మీద పదం, మూలం, తెలుగు అర్థం, ఆ అర్థానికి ఆధారం. చీటీలన్నీ సంపాదకుల గదిలోని టేకు బీరువాలో, అక్షరానికి ఒక సొరుగు చొప్పున ఉంటాయి. ప్రతి చీటీకీ ఒక జంట చీటీ ఉంటుంది. దాని మీద తెలుగు మాట, "ఫలానా పుట చూడుడు" అన్న సూచన, అంతే. జంట చీటీలు తెలుగు పదసూచిక కోసం. అవి వరండాలో, మంచినీళ్ల కుండ పక్కన, తలుపు ఊడిన ఇనప బీరువాలో ఉంటాయి.

సువర్చల ఆ సంస్థలో రాసిన మొట్టమొదటి చీటీ హెచ్ సొరుగులోనే ఉంది. హైరోడ్యూల్. హియెరోస్ అంటే పవిత్రం, దూలోస్ అంటే బానిస. దేవాలయానికి ఇచ్చేసిన మనిషి. తెలుగు అర్థం దగ్గర "గుడిసాని" అని రాసింది. ఆధారం దగ్గర, ఆ ఏడే కన్నుమూసిన తన అమ్మమ్మ మాటను ఉన్నదున్నట్టు దించింది. పదకొండో ఏట గుడికి ఇచ్చిన పిల్ల, ఎనభై రెండో ఏట మనవరాలికి చెప్పిన మాట అది: "నన్ను దేవుడికి ఇచ్చామన్నారు. పుచ్చుకున్నట్టు దేవుడి దగ్గర్నుంచి నాకు కాయితం ఏమీ రాలేదు."

ఏ మొదలు హెచ్ వరకు ఉన్న తొలి సంపుటం అచ్చుకు వెళ్లడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ రెండు వాక్యాలు అచ్చులో చూసి ఇంటికి వెళ్లాలన్నది సువర్చలకు ఆ ఉద్యోగం మీద మిగిలిన ఒకే ఒక కోరిక.

*

నివేదిక పంపిన నాలుగో రోజున డైరెక్టరు శంభుప్రసాదు ఆమెను పిలిపించారు. పద్నాలుగో గడి చుట్టూ ఆకుపచ్చ సిరాతో గుండ్రం చుట్టి ఉంది.

"కూర్చోండి సువర్చల గారూ. ఇది నిజమేనాండీ?"

"నిజమే సార్. ఏ పెద్ద నిఘంటువులో చూసినా ఉంటుంది."

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "నాకు ఎప్పట్నుంచో అనుమానంగానే ఉండేదండీ. నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడతారు చూడండి. ఇన్నాళ్లూ అది భయమనుకుని లోలోపల నొచ్చుకునేవాణ్ణి. భక్తి అన్నమాట!"

"మాటకు మూలం పవిత్రమైనంత మాత్రాన ఆ మాట చెప్పే వస్తువు పవిత్రం కాదు సార్. హాలిడే అన్న మాట కూడా పవిత్ర దినం నుంచే వచ్చింది."

"అందుకే కదండీ, సెలవు పెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేకపోతున్నాం!"

సువర్చల నమస్కారం పెట్టి లేచింది. ఎదుటివారి అజ్ఞానం మీద పోరాడవచ్చు. ఎదుటివారి ఆనందం మీద పోరాడటం కష్టమని ఆమెకు తెలుసు.

డైరెక్టరు ఆ గడిని పైకి పంపారు. పైవారు ఇంకా పైకి పంపారు. మెట్టు మెట్టునా అది చదివినవారికల్లా తమ కుర్చీలో ఏదో వెచ్చదనం తెలిసింది. తాము ఎక్కిన వరుస దేవదూతల వరుసేనని విన్న అధికారి ఎవరూ ఆధారాలు అడగలేదు. ఇరవై రెండు రోజుల్లో ఫైలు కిందికి దిగింది. ఆ శాఖ చరిత్రలో అంత వేగంగా దిగిన ఫైలు మరొకటి లేదు. "పవిత్ర మూలము గల పదములు భద్రపరచబడిన సొరుగును, పవిత్ర వస్తు పరిరక్షణ మండలి అధీనమునకు తక్షణము అప్పగించవలెను."

*

మండలివారి కార్యనిర్వహణాధికారి పేరు పరాంకుశం. ఆయన కొలత టేపుతో, ఇద్దరు సూపరింటెండెంట్లతో వచ్చారు. వాకిట్లో చెప్పులు విడిచారు. అది చూసి డైరెక్టరు బూట్లు విడిచారు. అది చూసి సంస్థ మొత్తం కాళ్లు బోసి చేసుకుంది.

"పదము ఎచ్చట ఉన్నది?" అన్నారు పరాంకుశం. ఫైళ్లలో రాసే భాషలోనే నోటితో మాట్లాడటానికి ఆయనకు ముప్పై ఏళ్ల సాధన ఉంది.

"పదం అంతటా ఉంటుందండీ. చీటీ మాత్రం సొరుగులో ఉంది" అంది సువర్చల.

"అంతటా ఉండువాడు కూడ గర్భాలయమునందే దర్శనమిచ్చును గదా. చూపించుడు."

హెచ్ సొరుగు బీరువాలో అడుగు వరసలో ఉంది. అటెండరు పైడితల్లి అప్పుడే ఆ గది ఊడుస్తోంది. చీపురు చివర సొరుగు పిడికి తగిలింది. పరాంకుశం గారి ముఖం వివర్ణమైంది.

"ఎవరీ మనిషి?"

"అటెండరండీ" అన్నారు డైరెక్టరు. "టెంపరరీ."

"పదకొండేళ్లండి బాబూ" అంది పైడితల్లి, చీపురు వెనక్కి తీసుకుంటూ. "పదకొండేళ్ల టెంపరరీ."

పరాంకుశం ఆ లెక్క వినిపించుకోలేదు. టేపు పట్టించి బీరువా కొలిపించారు. "డైరెక్టరు గారూ, ఇది ఘోరము. ఏ మొదలు జీ వరకు ఏడు అక్షరములు పవిత్ర పదము యొక్క నెత్తిపై కూర్చున్నవి."

"అది అక్షర క్రమమండీ" అంది సువర్చల.

"అమ్మా, అక్షర క్రమము మనుష్యులు ఏర్పరచుకొన్నది. హైరార్కీ పైనుండి దిగినది. రెండింటికి వైరుధ్యము కలిగినచో ఏది నిలువవలెనో తాము విద్యాధికులు, తమకు చెప్పవలెనా?"

ఆ సాయంత్రానికల్లా హెచ్ సొరుగు బీరువా పైకి ఎక్కింది. 'ఏ' అక్షరం సొరుగు దాని కిందికి దిగింది. ఇక తలెత్తిన ప్రశ్న పై అంతస్తుది. సరిగ్గా ఆ బీరువా నెత్తి మీద, పై అంతస్తులో ఉన్నది ఆడవాళ్ల మరుగుదొడ్డి. దానికి తాళం వేసి, తాళానికి లక్క ముద్ర కొట్టారు. సంస్థలోని తొమ్మిది మంది ఆడవాళ్లూ అవసరం పడినప్పుడు రోడ్డు దాటి టెలిఫోను కార్యాలయానికి వెళ్లి రావచ్చునని, వెళ్లేటప్పుడు సంతకం చేయాలని, వచ్చాక కాళ్లు కడుక్కోవాలని నోటీసు అంటించారు.

"ఏటమ్మగోరూ ఇది?" అంది పైడితల్లి, రోడ్డు మధ్యలో లారీ పోవడం కోసం ఆగినప్పుడు. "ఆ సొరుగులో సామి ఎలిసేడా?"

"లేదు పైడితల్లీ. సొరుగులో మాటలున్నాయి. వెలిసింది ఆఫీసర్లు."

*

ప్రతిష్ఠ దశమి నాడు జరిగింది. ఆనాటి నుంచి నిబంధనలు అమలులోకి వచ్చాయి. గెజిటెడ్ హోదా గలవారు సొరుగు తెరవవచ్చు. హోదా లేనివారు పదకొండు అడుగుల దూరాన నిలబడి మూసిన సొరుగును చూడవచ్చు. సువర్చలకు గెజిటెడ్ హోదా లేదు. అందులోని రెండు వేల మూడు వందల చీటీల్లో పద్నాలుగు వందలు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. ఏదైనా చీటీలో కామా మార్చాలంటే ఆమె అర్జీ పెట్టుకోవాలి. డైరెక్టరు చేతులు కడుక్కుని వచ్చి, సొరుగు తెరిచి, చీటీ తీసి, పైకి చదువుతారు. ఆయనకు హైరోగ్లిఫ్ అన్న మాట నోరు తిరగకపోవడం వల్ల ఒక్కో చీటీకి పూటంతా పట్టేది.

సొరుగుకు ఉద్యోగాలు మంజూరయ్యాయి. ఒక కార్యనిర్వహణాధికారి, ఇద్దరు సూపరింటెండెంట్లు, ముగ్గురు పర్యవేక్షకులు, పర్యవేక్షకులను గమనించడానికి ఒక నిఘా అధికారి. ఊడవడానికి, దీపం వెలిగించడానికి, పూలు తెచ్చి మార్చడానికి మాత్రం ఎవరూ మంజూరు కాలేదు. ఆ పనులు పైడితల్లి చేసేది. వాటి కోసం ఆమె ఉదయం తలస్నానం చేసి రావాలనీ, పది దాటేవరకు మంచినీళ్లు ముట్టరాదనీ మౌఖికంగా చెప్పారు. మౌఖికంగా ఎందుకంటే, రాసిస్తే ఆమె ఆ పని చేస్తున్నట్టు రుజువవుతుంది.

సువర్చల పరాంకుశం గారి ఎదుటికి అచ్చు సంగతి తీసుకువెళ్లింది.

"సంపుటం ముప్పయ్యో తేదీకి ముద్రణాలయానికి చేరాలండీ. హెచ్ చీటీలు కావాలి."

"ప్రతిష్ఠ జరిగిన మూర్తిని ముద్రణాలయమునకు పంపుదురా అమ్మా?"

"పోనీ, నకలు రాసుకుని పంపుతాను."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "నకలు తీసినచో రెండవ పీఠము అగును. రెండవ పీఠమునకు రెండవ కార్యనిర్వహణాధికారి కావలెను. ఆ పదవికి నాకన్న జూనియరు వచ్చునా, సీనియరు వచ్చునా? సీనియరు వచ్చినచో ఇచ్చటి పీఠము దానికి ఉపపీఠము కాదా? తాము ఆలోచించి అడుగుట లేదు."

సువర్చల నిజానికి ఆలోచించే అడిగింది. కాని ఆ గదిలో ఆలోచన అంటే వేరే వస్తువు.

"పవిత్ర పదాలు ఆరేడే ఉంటాయండీ. తక్కిన హెచ్ మాటలైనా ఇప్పించండి."

అది న్యాయమని పరాంకుశం గారికి తోచింది. పవిత్ర పదాలు ఎలాంటి ఇరుగుపొరుగు మధ్య ఉంటున్నాయో పరిశీలించడం తన విధి అని కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. మర్నాడే శుద్ధి సంఘం కూర్చుంది.

*

సంఘంలో డైరెక్టరు చీటీలు చదివారు. పరాంకుశం తీర్పు చెప్పారు. సువర్చల, అర్థాలు అడిగితే చెప్పడానికి, పదకొండు అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుంది. పైడితల్లి గోనెసంచి పట్టుకుని నిలబడింది.

ఆకలి అన్న అర్థం గల మాట మొదట సంచిలో పడింది. గుడిసె పడింది. తలనొప్పి, వరిబీజం పడ్డాయి. నరకం దగ్గర కొంత చర్చ జరిగింది. అది కూడా ఆధ్యాత్మిక సంబంధమైనదేనని డైరెక్టరు వాదించారు. "పరిపాలనా దృష్ట్యా అది వేరొక శాఖ" అని పరాంకుశం తోసిపుచ్చారు. మనిషి అన్న అర్థం గల మాట వచ్చింది.

"హ్యూమన్" అని చదివి డైరెక్టరు తలెత్తారు.

పరాంకుశం చాలాసేపు ఆలోచించారు. "పెండింగు" అన్నారు.

ఇలా సొరుగంతా గోనెసంచిలోకి వచ్చాక, పవిత్ర మూలం గల ఏడు చీటీలు మిగిలాయి. డైరెక్టరు గొంతు సవరించుకుని ఒక్కొక్కటే చదివారు. దేవదూతల వరుసకు సంఘం లేచి నిలబడింది. పూజారుల లిపికి నమస్కరించింది. పవిత్ర నామం అని అర్థం రావడం వల్ల జెరోమ్ అన్న మనిషి పేరుకు హెచ్‌తో మొదలయ్యే పాత రూపానికి కూడా పూలు పడ్డాయి. చివరికి హైరోడ్యూల్ వచ్చింది.

డైరెక్టరు మొదటి పంక్తి పైకి చదివారు. రెండో పంక్తి లోపల చదువుకున్నారు. చీటీని పరాంకుశం గారి వైపు జరిపారు. ఆయన అద్దాలు సవరించుకుని చదివి, చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకున్నారు.

"ఇది ఇచ్చటకు ఎట్లు వచ్చినది?"

"అదీ అదే మూలం నుంచి వచ్చిన మాటేనండీ" అంది సువర్చల. "తక్కిన ఆరు మాటలూ ఏ గుడిలో ఉన్నాయో, ఇదీ ఆ గుడిలోనే ఉండేది. వాళ్లు ఏలేవాళ్లు. ఈవిడ చాకిరీ చేసింది."

"మాట గౌరవముగా లేదు."

"పని గౌరవంగా లేదు. మాట సరిగ్గానే ఉంది."

"ఈ ఆధారవాక్యము చూడుడు. 'కాయితం ఏమీ రాలేదు.' ఇది సాక్షాత్తు మండలిపై ఫిర్యాదువలె ఉన్నది!"

"అప్పటికి మీ మండలి పుట్టలేదండీ."

"ఫిర్యాదు ముందే పుట్టినది. ఇంకను ప్రమాదకరము." ఆయన డైరెక్టరు వైపు తిరిగారు. "చెప్పిన మనిషి ఎవరు?"

డైరెక్టరు చీటీ అడుగున చూసి, ఇబ్బందిగా సువర్చలను చూశారు. ఆమె స్టూలు మీద నుంచి లేచింది.

"మా అమ్మమ్మండీ. నాగరత్నం గారు."

పరాంకుశం గారు కలం తీసి, ఆమె ముఖం చూడకుండా రాశారు. "అపవిత్రార్థసూచకమైన సదరు చీటీని సొరుగు నుండి తొలగించి, శాస్త్రోక్తముగా జలమునందు నిమజ్జనము గావింపవలెను. హోదా గల అధికారులెవ్వరు దానిని తాకరాదు."

హోదా లేనివాళ్లు ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. చీటీని పైడితల్లి చేతికి ఇచ్చారు. నిమజ్జనం సక్రమంగా జరిగినట్టు ధ్రువపత్రం మీద సంతకం చేయమని సువర్చలను పురమాయించారు.

*

సముద్రం అక్కడికి అరగంట బస్సు ప్రయాణం. పగటి రెండు గంటల ఎండలో ఇసక కాలుతోంది. పైడితల్లి చీటీని రెండు చేతులా పట్టుకుని నీళ్ల అంచున ఆగింది.

"అమ్మగోరూ, ఇందులో ఏటి రాసుందో సెప్పరా? సెయ్యంటే సేస్తాను గానీ, ఏటి ముంచుతన్నానో తెలియాల గదా."

సువర్చల చీటీ చూడకుండానే చెప్పింది. చూడవలసిన అవసరం ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ లేదు.

పైడితల్లి విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ముసిలమ్మగోరు బాగా అడిగేరు. నాకూ రానేదు గదమ్మా కాయితం. పర్మినెంటు సేస్తామని పదకొండేళ్లయి అంతన్నారు." కాస్త ఆగి, కంటి కొసతో చూసింది. "జాకెట్లో ఎట్టీసుకుందురా? ముంచేసేనని సెప్పీండి. నాను ఎవులికీ సెప్పను."

"వద్దు. ధ్రువపత్రం మీద అబద్ధం రాయను. వెయ్యి."

"మీయమ్మమ్మగోరి మాటమ్మా!"

"ఇది అట్ట ముక్క పైడితల్లీ. మాట దీంట్లో లేదు. వెయ్యి."

చీటీ రెండు అలలు తేలి, మూడో అలకు కనిపించలేదు. సువర్చల ధ్రువపత్రం మీద వేళ వేసి సంతకం చేసింది. తిరుగు బస్సులో ఆమె ఒక నియమాన్ని మనసులో మననం చేసుకుంటూ కూర్చుంది. సంస్థ స్థాపించినవారు నిఘంటు రచనకు పెట్టిన నలభై నియమాల్లో అది ముప్పై ఆరోది. "మూలపదమును తొలగించినచో, దానిని చూడుమని చెప్పు జంట చీటీ నిరాధారమగును. అట్టి సందర్భమున పూర్తి అర్థమును, ఆధారమును జంట చీటీపైననే వ్రాయవలెను."

సంస్థకు వచ్చాక ఆమె వరండాలోకి వెళ్లింది. తలుపు ఊడిన ఇనప బీరువాకు కాపలా లేదు, దీపం లేదు, పదకొండు అడుగుల గీత లేదు. అందులో ఉన్నవన్నీ తెలుగు మాటలు. ఎవరూ వాటికి మూలం వెతకలేదు, పవిత్రత అంటగట్టలేదు. ఆమె గ సొరుగు లాగి, "గుడిసాని" చీటీ తీసి, నిలబడే రాసింది. పక్కన మంచినీళ్ల కుండ మీది గ్లాసు, ఎవరో తాగి పెట్టింది, ఇంకా ఊగుతోంది.

మర్నాడు తెలుగు పదసూచికను డైరెక్టరు గారి సంతకానికి పెట్టింది.

"ఇదేంటండీ మళ్లీ?"

"సంపుటం చివర వేసే తెలుగు సూచిక సార్. ముద్రణాలయానికి వెళ్లాలి. మండలివారి అనుమతి తీసుకోమంటారా?"

"తెలుగు సూచికే కదండీ? మామూలు మాటలు. దానికి అనుమతులెందుకు?" అంటూ డైరెక్టరు, హైరార్కీ దర్శనానికి ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటూ, మూడు వందల పుటల మీదా చూడకుండా సంతకాలు చేశారు.

*

సువర్చల విరమణ రోజుకు సంపుటం అచ్చయి వచ్చింది. అందులో హెచ్ అక్షరం దగ్గర ఒక పుట ఖాళీగా ఉంది. పుట మధ్యలో పెట్టెకట్టి వేశారు: "ఇచ్చటి పదములను స్వయముగా దర్శించి అర్థము గ్రహించగలరు. ఉదయం పది నుండి పన్నెండు వరకు. మంగళవారము సెలవు." గోనెసంచిలోని మాటలు ఏ శాఖ కిందికి వస్తాయో తేలకపోవడం వల్ల అవీ అచ్చుకు వెళ్లలేదు. ఆకలి లేని నిఘంటువును సభాముఖంగా ఆవిష్కరించారు. మనిషి ఇంకా పెండింగులోనే ఉన్నాడు.

సువర్చల ప్రతి తీసుకుని, వేదిక మీద కూర్చునే, చివరి నుంచి తిరగేసింది. నాలుగు వందల పన్నెండో పుట. సన్న అక్షరాలు, ఆరు పంక్తులు.

"గుడిసాని. దేవాలయమునకు ఇవ్వబడిన స్త్రీ. ఆమెను అడిగి ఇచ్చినట్లు ఆధారము లేదు. ఆంగ్లమున హైరోడ్యూల్. గ్రీకున హియెరోస్ పవిత్రము, దూలోస్ బానిస. ప్రయోగము: 'నన్ను దేవుడికి ఇచ్చామన్నారు. పుచ్చుకున్నట్టు దేవుడి దగ్గర్నుంచి నాకు కాయితం ఏమీ రాలేదు.' చెప్పినవారు నాగరత్నం గారు."

ఆ గ్రీకు మాట నుంచి పుట్టిన ఏడింటిలోనూ ఆ నిఘంటువులోకి ఎక్కింది అదొక్కటే.

పరాంకుశం గారు శాలువా కప్పారు. డైరెక్టరు గారు దండ వేసి, విరమణ ఫారం ముందుకు జరిపారు. అందులోనూ పద్నాలుగో గడి ఉంది. ఆమె కలం అక్కడికి చేరేసరికి ఆయన ఆత్రంగా ముందుకు వంగారు.

"సువర్చల గారూ, ఆ ఉత్తర్వు మార్చేశారండీ. కొత్త ఉత్తర్వు ప్రకారం ఆ గడిలో 'లేవు' అని రాయడం తప్పనిసరి. ఇంకేమీ రాయకండి, మీకు దణ్ణం పెడతాను."

"ఖచ్చితంగా అదే రాయమంటారా సార్?"

"ఖచ్చితంగా అదే!"

సువర్చల నాలుగు వందల పన్నెండో పుట దగ్గర వేలు పెట్టి పుస్తకం మూసింది. జీవితంలో మొదటిసారి, ప్రభుత్వ ఉత్తర్వును అక్షరాలా పాటిస్తూ, రాతపూర్వకంగా ఒక అబద్ధం రాసింది.

"లేవు."